అడవిని కాచేవారి జీతం
(సంఘం వార్షిక సభలో దాతలను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



ఈ వేదిక మీద మేము ఎప్పుడూ పిల్లల స్కాలర్‌షిప్పులు, వితంతువుల పింఛన్లు, రోగుల మందుల ఖర్చుల గురించి చెబుతుంటాం. ఆ లెక్కలన్నీ ఈ సంచికలోనే వేరే పేజీల్లో ఉన్నాయి. ఈసారి అడవిని, పక్షులను కాపాడే ఒక ధర్మసంస్థ గురించి, అందులో పనిచేసినవారి గురించి మాట్లాడతామంటే కొందరు మిత్రులు ఆశ్చర్యపోయారు. మన సంఘానికీ దానికీ ఏమిటి సంబంధం అని అడిగారు. సంబంధం ఉంది. ప్రతి ఏడూ దాతలు మమ్మల్ని అడిగే ఒక ప్రశ్నలోనే ఉంది.

‘మేమిచ్చిన రూపాయిలో జీతాలకు ఎంత పోతోంది?’ అన్నదే ఆ ప్రశ్న. అడగవలసిన ప్రశ్నే. దానమిచ్చిన సొమ్ము అమానతు. దాని లెక్క ఇక్కడా చెప్పాలి, పరలోకంలోనూ చెప్పాలి. అయితే ఈ ప్రశ్న వెనుక తరచు ఒక నమ్మకం ఉంటుంది: జీతాలకు పోయినదంతా పేదల నోటి దగ్గర నుంచి తీసినదేనని. ఆ నమ్మకం ఎంతవరకు నిజమో చూడాలంటే, బియ్యం బస్తా పంచడానికి వీల్లేని ఒక సేవను చూడాలి. పక్షి దరఖాస్తు పెట్టుకోదు. జింక మన గుమ్మం ముందు వరుసలో నిలబడదు. అక్కడ దాత సొమ్ము చేయగలిగినది ఒక్కటే: ఒక మనిషిని ఆ అడవికి పంపడం, అతడు అక్కడ నిలిచి పనిచేసేలా చూడడం.

బొంబాయి నాచురల్ హిస్టరీ సొసైటీ 1883 సెప్టెంబరులో మొదలైంది. ప్రకృతి మీద ఆసక్తి ఉన్న ఎనిమిది మంది కలిసి పెట్టుకున్న సంఘం అది. మొదట్లో దానికి సొంత చోటు కూడా లేదు. ఒక వ్యాపారి తన దుకాణంలో ఒక గది ఇస్తే అక్కడే సమావేశాలు జరిగాయి. 1886 నుంచి పత్రిక వేశారు. సభ్యుల చందాలతో, దాతల విరాళాలతో నడిచింది. మన సంఘం లాంటిదే అనుకోండి.

ఆ సంస్థ పేరు చెప్పగానే గుర్తొచ్చే మనిషి సలీం అలీ గారు. 1896లో బొంబాయిలో ఒక ముస్లిం కుటుంబంలో పుట్టారు. చిన్నతనంలోనే తల్లిదండ్రులిద్దరూ పోతే మేనమామ అమీరుద్దీన్ తయబ్జీ గారి ఇంట్లో పెరిగారు. 1926లో బొంబాయి మ్యూజియంలోని ప్రకృతి విభాగంలో ఆయనకు గైడ్ లెక్చరర్ ఉద్యోగం దొరికింది. సందర్శకులకు, బడి పిల్లలకు జంతువుల గురించి, పక్షుల గురించి వివరించే పని. తర్వాత పక్షిశాస్త్రం మరింత నేర్చుకోవడానికి జర్మనీ వెళ్లి 1930లో తిరిగి వచ్చేసరికి ఆ ఉద్యోగమే లేదు. నిధులు లేక ఆ పోస్టునే ఎత్తివేశారు.

అప్పుడాయన ఒక ప్రతిపాదన చేశారు. సంస్థానాల్లో పక్షుల సర్వే చేసిపెడతాను, జీతం అక్కర్లేదు, ప్రయాణానికీ మకాముకూ అయ్యే ఖర్చులు భరిస్తే చాలన్నారు. అలా మొదట జరిగినది మన హైదరాబాద్ సంస్థానం సర్వేయే. నల్లమలలో మననూరు, ఫరహాబాద్ లాంటి చోట్ల కూడా మకాం వేశారు. భార్య తెహ్మీనా గారు ఆ క్యాంపుల్లో ఆయనకు తోడుగా ఉండి ఎంతో పని పంచుకున్నారు. ఈ ప్రాంతపు పక్షుల గురించి క్రమపద్ధతిలో తయారైన తొలి లెక్కల్లో అది ఒకటి.

ఈ కథ విన్నవారు ‘చూశారా, నిజమైన సేవకు జీతం అక్కర్లేదు’ అంటారు. మేము వేరుగా ఆలోచిస్తాం. సలీం అలీ గారి త్యాగం గొప్పదే. కానీ ఆయన వెనుక బొంబాయిలో ఒక పెద్ద కుటుంబం ఉంది. జీతం లేకుండా ఏళ్ల తరబడి అడవుల్లో తిరగగలిగే వెసులుబాటు ఎందరికి ఉంటుంది? నల్లమలలోని చెంచు యువకుడికి ఉంటుందా? డిగ్రీ పూర్తి చేసి ఇంటికి డబ్బు పంపవలసిన పేదింటి పిల్లవాడికి ఉంటుందా? జీతం ఇవ్వని ధర్మసంస్థలో చివరికి కలిగినవారే మిగులుతారు. ఆ విషయం ఆయనకూ తెలిసినట్టే ఉంది. 1976లో గెట్టీ అంతర్జాతీయ బహుమతి వచ్చినప్పుడు ఆ సొమ్మును తన కోసం ఉంచుకోకుండా పరిరక్షణ పనుల నిధికే ఇచ్చారు.

ఇప్పుడు కడప జిల్లాకు వద్దాం. కలివికోడి అనే పక్షిని 1848లో జెర్డాన్ అనే వైద్యుడు లోకానికి చూపించారు. 1900 ప్రాంతం తర్వాత అది ఎవరికీ కనబడలేదు. ఇక లేదనే చాలామంది అనుకున్నారు. 1980లలో ఇదే సంస్థ తరఫున భరత్ భూషణ్ అనే యువ పరిశోధకుడు ఆ పక్షి బొమ్మ పట్టుకుని ఊరూరా తిరిగి, వేటగాళ్లను, కాపరులను అడిగారు. పగలు వెతికితే దొరికే పక్షి కాదది, రాత్రి తిరిగేది. 1986 జనవరిలో లంకమల దగ్గర ఐతన్న అనే గ్రామస్థుడు రాత్రిపూట టార్చి వెలుగులో దాన్ని పట్టుకున్నారు. దాదాపు ఎనభై అయిదేళ్ల తర్వాత ఆ పక్షి ఉందని తెలిసింది. కొద్ది రోజులకే అది చనిపోయింది. కానీ ఆ ఒక్క రాత్రి వల్లే ఆ అడవికి రక్షణ అవసరమని అందరికీ తెలిసింది. శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. చదువుకున్నవారికి దొరకనిది ఆ నేల ఎరిగిన మనిషికి దొరికిందన్న మాట మరచిపోకూడదు.

ఆ తర్వాతి పని ఇంకా ఓర్పుతో కూడుకున్నది. 2000 నుంచి ఆ సంస్థ పరిశోధకులు, వారికి తోడుగా స్థానికులు, ముళ్ల పొదల మధ్య మెత్తటి మట్టిని పట్టీల్లా పరిచి చదును చేసేవారు. మర్నాడు వచ్చి ఏ పక్షి అడుగులు పడ్డాయో చూసేవారు. కలివికోడి అడుగేది, తీతువు అడుగేది అని వేరుచేసి గుర్తుపట్టాలి. మళ్లీ మట్టి చదును చేయాలి. సూర్యుడు అస్తమించిన సుమారు ముప్పావు గంటకు ఆ పక్షి కూత మొదలవుతుంది. కొద్ది నిమిషాలే కూస్తుంది. ఆ వేళకు మనిషి అక్కడ ఉండాలి. ఆలస్యమైతే ఆ రోజు పోయినట్టే.

2005లో తెలుగుగంగ కాలువ తవ్వకం ఆ పక్షి నివాసంలోకి వచ్చింది. రోజూ అక్కడ తిరిగే మనుషులున్నారు కాబట్టే అది వెంటనే కంటబడింది. అటవీశాఖకు చెప్పారు, పని ఆగింది, విషయం సుప్రీంకోర్టు నియమించిన కమిటీ దాకా వెళ్లి కాలువ దారి మారింది. రైతుకు నీరూ కావాలి, ఆ పక్షికి చోటూ కావాలి. దారి మార్చడంతో రెండూ సాధ్యమయ్యాయి. ఆ నెలలో అక్కడ జీతం తీసుకుని తిరిగే మనిషి లేకపోతే ఏమయ్యేదో మీరే ఊహించండి. దాతల సొమ్ములో ఆ జీతాన్ని ఏ పద్దులో రాస్తాం? ఆఫీసు ఖర్చు కిందనా, సేవ కిందనా?

మన ధర్మం ఈ విషయంలో ఏమంటుందో ఒక్కసారి గుర్తు చేసుకుందాం. తౌబా సూరా 60వ ఆయత్‌లో జకాత్ ఎవరికి చెందాలో అల్లాహ్ ఎనిమిది వర్గాలు చెప్పాడు. పేదలు, అగత్యపరుల తర్వాత మూడో పేరు ఆ పనిలో నియమితులైన ఆమిలీన్‌ది. అడవిలో పనిచేసేవారికి జకాత్ వర్తిస్తుందని మేము అనడం లేదు. అది ఉలమాలు తేల్చవలసిన విషయం, మేము మాట్లాడుతున్నది సదఖా గురించి. కానీ ధర్మకార్యంలో పనిచేసేవాడి భత్యాన్ని ఖుర్‌ఆన్ దాచిపెట్టలేదు, చిన్నబుచ్చలేదు. కూలివాడి చెమట ఆరకముందే కూలి ఇమ్మన్న దైవప్రవక్త (స) మాట మనందరికీ తెలుసు. చెట్టు నాటితే దాని పండు మనిషి తిన్నా పక్షి తిన్నా అది సదఖాయే అన్నారు. మదీనా చుట్టూ వేటాడకూడని, చెట్లు నరకకూడని మేర నిర్ణయించారు. దాహంతో ఉన్న కుక్క కోసం బావిలోకి దిగిన మనిషి హదీసులో ఆయన చేసినదల్లా కష్టపడి దిగడం, చెప్పులో నీళ్లు నింపుకుని పైకి రావడం. దానికే క్షమాపణ లభించింది.

అందుకే దాతలకు మా విన్నపాలు మూడు.

మొదటిది, అడవుల కోసం, జంతువుల కోసం పనిచేసే సంస్థకు ఇచ్చేటప్పుడు ‘జీతాలకు వాడరాదు’ అని షరతు పెట్టకండి. జీపు కొనిచ్చి డ్రైవరుకు జీతం లేకుండా చేస్తే ఆ జీపు షెడ్డులోనే ఉంటుంది.

రెండోది, ఒకేసారి పెద్ద మొత్తం ఇచ్చే బదులు మూడేళ్లపాటు కొంచెం కొంచెం ఇస్తామని మాటివ్వండి. వచ్చే నెల జీతం వస్తుందో రాదో తెలియని మనిషి నేర్చుకున్న పని వదిలి పట్నం దారి పడతాడు. అడుగుజాడలు గుర్తుపట్టే నేర్పు అతడితోనే వెళ్లిపోతుంది.

మూడోది, ‘జీతాలకెంత?’ అన్న ప్రశ్న మానకండి, దానికి మరికొన్ని జోడించండి. జీతం నెలనెలా అందుతోందా? రాత్రిపూట తిరిగేవారికి మంచి బూట్లు, టార్చీలు ఉన్నాయా? పాము కరిస్తే ఆసుపత్రికి చేర్చే బండి ఉందా? బీమా ఉందా? పెద్ద జీతం ఆఫీసులో కూర్చున్నవారికి పోయి, అడవిలో తిరిగేవారికి దినకూలీ మిగులుతోందా? ఇవి అడిగే దాత సంస్థను బాగుచేస్తాడు.

ఇదే కొలత మన సంఘానికీ వర్తిస్తుంది. మా దగ్గరకు వచ్చే కొన్ని విరాళాలతోపాటు ‘జీతాలకు కాదు’ అన్న మాట కూడా వస్తుంది. ఆ షరతును మేము తు.చ. తప్పకుండా పాటిస్తాం. కానీ ఇంటింటికీ తిరిగి దరఖాస్తు నిజమో కాదో విచారించే మన కార్యకర్తలు లేకపోతే మీ రూపాయి చేరవలసిన వితంతువు ఇల్లు మాకు తెలిసేది కాదు. వారి భత్యం కోసం విడిగా ఒక పద్దు పెట్టుకుందాం, అందులో ఎవరికెంత ఇచ్చామో ఈ సంచికలోనే అచ్చువేద్దాం. మీరు సమ్మతిస్తే వచ్చే ఏడాది లెక్కల్లో ఆ పేజీ చూస్తారు.

కనబడే చోట పనిచేసేవారికీ, ఎవరూ చూడని ముళ్లపొదల మధ్య చీకట్లో నిలబడేవారికీ అల్లాహ్ మంచి ప్రతిఫలం ఇచ్చుగాక. ఇచ్చిన చేతులకు బర్కత్ కలుగజేయుగాక. ఆమీన్.