సోల్జరుపేట పాఠశాల – పూడిమడక బాలుడు

గ్రామర్ స్కూలు అను మాటకు వ్యాకరణ పాఠశాల అని మనవారు అర్థము చెప్పుకొనినచో తప్పు లేదు. కాని ఆ వ్యాకరణము ఏ భాషదని అడుగవలెను. పూర్వము ఐరోపాలో అది లాటిను వ్యాకరణము. దేవాలయములో ప్రార్థనకును, న్యాయశాస్త్రమునకును, వైద్యగ్రంథములకును అదియే ద్వారము. బాలుని తల్లి మాటలాడు భాష మాత్రము పాఠశాల గడప బయటనే నిలిచిపోయెడిది. మన వీథిబడులలో అర్థము తెలియకయే అమరము వల్లెవేసిన పెద్దలకు ఈ పద్ధతి వింతగా తోచదు. నేటి నా ప్రసంగమునకు విషయము ఆ గడపయే. పాఠశాల విశాఖపట్టణములో నున్నది. దానిని దాటవలసిన బాలుడు, తీరము వెంబడి నైరృతిగా పోయినచో వచ్చు పూడిమడకలో నున్నాడు.

తెలుగునాట కథోలికులు బాలురకై నెలకొల్పిన పాఠశాలలలో మిక్కిలి పాతవానిలో ఒకటి విశాఖపట్టణము సోల్జరుపేటలోని సెంట్ అలోషియస్ పాఠశాల. దీని స్థాపన 1847లో జరిగినది. స్థాపించినవారు సెంట్ ఫ్రాన్సిస్ డి సేల్స్ సభకు చెందిన గురువులు. ఆ సభను 1838లో సావాయ్ దేశమునందలి ఆన్సీ పట్టణమున మెర్మియే అను గురువు ఏర్పరచెను. సభవారు 1846లో విశాఖపట్టణము చేరిరి. సావాయ్ 1860లో ఫ్రాన్సులో కలియువరకు సార్డీనియా రాజుల ఏలుబడిలో నుండెను. అనగా, ఇంట ఫ్రెంచి మాటలాడుచు, గుడిలో లాటినున ప్రార్థించువారు, సముద్రములు దాటివచ్చి తెలుగువారి ఊరిలో ఆంగ్లము నేర్పుటకు పూనుకొనిరి! వారి ధైర్యమును మెచ్చుకొనక తప్పదు.

పేట పేరే తొలినాటి విద్యార్థుల కథ చెప్పుచున్నది. కుంఫిణీ కొలువులోని తెల్లసిపాయిలకును, వారి సంతతివారికిని ఇది నివాసము. వారు దొరలే గాని ధనికులు కారు. తండ్రి చనిపోయినచో దిక్కులేని పిల్లలు వారిలో ఉండెడివారు. ఈ పాఠశాల పెట్టుబడి ధర్మచింతయే గాని వ్యాపారము కాదు. పాఠశాలకు పేరిచ్చిన అలోషియస్ గొంజాగా చరిత్ర కూడ ఇటువంటిదే. ఇటలీలో ప్రభువంశమున జ్యేష్ఠపుత్రుడుగా పుట్టి, వారసత్వమును వదలుకొని, రోములో ప్లేగు రోగులకు సేవచేసి, ఆ వ్యాధి తనకును సోకగా 1591లో 23 ఏండ్లకే మరణించెను. గోడమీది పేరు చదువు ప్రతి బాలునకు ఈ సంగతి తెలియవలెను.

తరువాతి కాలమున ఇట్టి బడులు ఆంగ్లో-ఇండియన్ పాఠశాలలను తరగతిలో చేరినవి. మన రాజ్యాంగములోని 337వ అధికరణము వానికి పదియేండ్లపాటు ప్రత్యేక గ్రాంటును, మూడేండ్లకొకమారు నూటికి పదివంతున తగ్గునట్లు, అనుగ్రహించినది. అయితే ఒక షరతు పెట్టినది: ఏటా చేర్చుకొను పిల్లలలో కనీసము నూటికి 40 స్థానములు ఇతరులకు అందుబాటులో నుంచవలెను. తలుపు తెరువుమని ఇంత స్పష్టముగా చెప్పిన వాక్యము విద్యాచరిత్రలో అరుదు. 1954లో బొంబాయి ప్రభుత్వము, ఆంగ్లము మాతృభాష కాని భారతీయ బాలురను ఇట్టి బడులలో చేర్చరాదని ఉత్తరువు చేయగా, సుప్రీంకోర్టు అది చెల్లదని కొట్టివేసెను. తలుపు తెరచుకొన్నది. గ్రాంటు మాత్రము 1960తో ముగిసినది. గ్రాంటు పోయిన పిమ్మట విద్యార్థి చెల్లించు జీతమే పాఠశాలకు ప్రధానాధార మగుట సహజము. చట్టము తెరచిన తలుపునకు ధనము మరల గడియ పెట్టినది.

2009 నాటి విద్యాహక్కు చట్టము పేదపిల్లలకు ప్రయివేటు బడులలో నూటికి 25 స్థానము లిమ్మన్నది. అల్పసంఖ్యాకుల పాఠశాలలకు ఆ నిర్బంధము లేదని 2014లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. 2025లో మరియొక ధర్మాసనము ఆ తీర్పుపై సందేహము వెలిబుచ్చి, విస్తృత ధర్మాసనమునకు నివేదింపవలెనని తలచినది. న్యాయవాదుల వాదము వారిది. పూడిమడక బాలునకు ఎదురగు చిక్కు అంతకంటె సామాన్యమైనది.

అది పంచాంగపు చిక్కు. తూర్పుతీరమున మరబోట్లకు ఏటా ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు, 61 దినములు, వేట నిషేధము. చేపలు గ్రుడ్లు పెట్టు కాలమది. ఆ నిబంధన అవసరమైనదే. కాని బడులు తెరచుట సరిగా జూన్ నడుమనే. ప్రవేశపు రుసుము, పుస్తకములు, దుస్తులు, బూట్లు ఇవన్నియు ఒక్కమారుగా కోరునప్పటికి, తండ్రి రెండునెలలుగా ఒడ్డున కూర్చుండి వల బాగుచేసికొనుచున్నాడు. ప్రభుత్వ మిచ్చు భృతిని 2025లో 20,000 రూపాయలకు పెంచిరి. అది ఆ రెండునెలల పొయ్యికే చాలవలెను గదా! అప్పు తెచ్చి కట్టిన రుసుముతో బడిలో చేరిన బాలుడు, మొదటి పరీక్ష తప్పినంతనే నావ ఎక్కుటలో ఆశ్చర్య మేమున్నది?

రెండవ చిక్కు భాష. ఈ బాలుడు అజ్ఞాని కాడు. సొర, వంజరము, చందువ, కొమ్ముకోనాము – వీని రాకపోకలు, గాలి మరలుట, నీటి వాలు వానికి పదియేండ్ల ప్రాయముననే తెలియును. ఆ జ్ఞానమంతయు తెలుగులో నున్నది. అదియు పుస్తకపు తెలుగు కాదు. ఇరువదవ శతాబ్ది తొలి దశకమున పాఠశాలల పర్యవేక్షకుడైన యేట్స్ దొర, ఇంట మాటలాడు తెలుగు బడిపుస్తకములో ఏల కనబడదని అడిగెను. గిడుగు రామమూర్తి పంతులుగారు వ్యావహారిక భాషోద్యమమునకు పూనుకొనుటకు ఆ ప్రశ్నయు ఒక కారణమయ్యెను. గ్రాంథికమున ప్రసంగించుచు నేనీ మాట చెప్పుట శ్రోతలకు నవ్వు పుట్టించునేమో! అయినను ప్రశ్న నిజమైనది.

కథోలిక సంఘమే ఈ విషయమున మార్గము చూపినది. 1963 డిసెంబరులో రెండవ వాటికన్ మహాసభ, ఆరాధనలో ప్రజల భాషలకు చోటిచ్చినది. శతాబ్దముల లాటిను ప్రార్థన తెలుగైనది. దేవునితో తెలుగున మాటలాడుటకు అడ్డులేని చోట, లెక్కల ఉపాధ్యాయునితో తెలుగున సందేహ మడుగుటకు అడ్డేల? ఆంగ్లము మానుమని నేననను. అది వానికి కావలెను, మిక్కిలి కావలెను. తీరమున 2025 జనవరిలో ప్రధానమంత్రి శంకుస్థాపన చేసిన హరిత హైడ్రోజను కేంద్రము పూడిమడకలోనే రానున్నది. అందలి కొలువులు ఆంగ్లమెరిగిన వానికే దక్కును. ఊరిబాలుడు అందు యంత్రశాలలో నుండవలెనా, ద్వారము కడ కావలి నిలువవలెనా అనునది వాని తరగతిగదిలోనే తేలును.

కావున ఇట్టి పాఠశాలలు నడపువారికి నా మనవి చిన్నది. జాలరి బాలుర రుసుమును జూనులో కోరక, వేట సాగి చేతికి డబ్బు వచ్చిన పిమ్మట దీపావళి వేళకు స్వీకరింపుడు. మొదటి యేడాది వారికి తెలుగు తోడుగా ఆంగ్లము చెప్పుటకు ఒక ఉపాధ్యాయుని నియమింపుడు. ఇప్పటికే అట్లు చేయువారున్నచో వారికి నా నమస్కారము. పూడిమడకనుండి పట్టణమునకు నిత్యము వచ్చిపోవుటకు దూరము చాలదూరము గనుక, వసతిగృహమున నాలుగు మంచములైనను తీరమువారికై విడిచియుంచవలెను.