బొలారం గోడ వెనుక ఇల్లు
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



రాష్ట్రపతి నివాసం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు కార్యదర్శిగారు. అందరం ఢిల్లీ వైపే చూస్తాం. 340 గదుల ఆ భవనం సంగతి మీరు చదివే ఉంటారు. నేను మన బొలారంలోని రాష్ట్రపతి నిలయం గురించి చెబుతాను.

నిజాం రాజ్యంలో బ్రిటిషు రెసిడెంటు దొరకు కోఠీలో పెద్ద మేడ ఉండేది. తర్వాత మహిళా కళాశాల అయింది. 1857 జూలైలో తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ జనంతో వెళ్ళి దాని మీద దాడి చేశారు. మూడేళ్ళకు, 1860లో, బొలారంలో ఈ ఇల్లు లేచింది. భయపడి కట్టారని నేననను గాని, చుట్టూ పటాలాలున్న చోటే కట్టారు. రెసిడెంటు దొరలకు అది ఊరి బయటి విడిది. స్వాతంత్ర్యం తర్వాత రాష్ట్రపతి విడిది అయింది. సుమారు 90 ఎకరాల ఆవరణలో ఒకే అంతస్తు, 11 గదులు.

నేను గుమాస్తాగా ఉన్న రోజుల్లో, రాష్ట్రపతి రాక ఖరారైతే రోడ్ల గుంతలు పూడ్చిన బిల్లులు, వెదురు బొంగుల బిల్లులు నా బల్ల మీద పడేవి. మా ఆవిడ ఏటా అడిగేది, "ఏమండీ, ఇన్ని బిల్లులు రాస్తారు, ఒక్కసారి లోపలికి తీసుకెళ్ళలేరా?" అని. పాసు కోసం పై అధికారిని అడగటానికి నాకు మొహమాటం. రిటైరయ్యాక, ఏటా ఓ పదిహేను రోజులు తోటలు మాత్రం జనానికి చూపిస్తున్న కాలంలో, వరసలో నిలబడటానికి నామోషీ. చివరికి ఆవిడ అడగటం మానేసింది.

2023 మార్చిలో భవనంతో సహా ఏడాది పొడుగునా చూడనిస్తామన్నారు. మా మనవడు టికెట్లు తీశాడు. అప్పటికి ఆవిడకు మోకాళ్ళ ఆపరేషను కూడా అయింది.

దర్బారు హాలు ఆవిడకు ఆనలేదు. వంటశాల విడిగా ఉంది. అక్కడి నుంచి భోజనశాలకు నేల కింద సొరంగం. వంటకాలు ఆ దారినే వెళ్ళేవి. ఇప్పుడు గోడల నిండా చేర్యాల బొమ్మలు. మనవడు బొమ్మలు చూస్తూ ముందుకు పోయాడు. ఆవిడ గోడకు చెయ్యి ఆనించి అక్కడే చాలాసేపు నిలబడింది.

"పళ్ళాలు పట్టుకుని ఎన్నిసార్లు తిరిగారో పాపం, పైన తినేవాళ్ళకు మొహం కూడా తెలియకుండా," అంది. కాస్త ఆగి, "మనింట్లో సొరంగం లేదు, అంతే తేడా," అంది.

పెళ్ళయి అప్పటికి నలభై ఎనిమిదేళ్ళు. నేనేం మాట్లాడలేదు. బయటికొచ్చాక ఫ్లాస్కులో కాఫీ నేనే పోసిచ్చాను.

మన సంఘం తరఫున ఒక బస్సు వేయమని కార్యదర్శిగారికి మనవి. ఆడవాళ్ళ పేర్లు ముందు రాసుకోండి. సెలవు.