కారు, షెడ్డు, రాత్రి సమయం - డ్రిఫ్ట్ క్రీడలో స్త్రీలు

(మహిళా కార్యకర్తల శిక్షణా శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



"స్త్రీలు - తీరిక" అనే అంశం మీద మాట్లాడమని నన్ను పిలిచారు. ఇంటి చాకిరీకి ఎన్ని గంటలు పోతున్నాయి, నిద్రకి ఎన్ని మిగులుతున్నాయి అనే లెక్కలతో వస్తానని మీరు అనుకుని ఉంటారు. నేను ఈరోజు కార్ల గురించి మాట్లాడబోతున్నాను. ఊళ్ళకి పోయే కార్లు కూడా కావు. మైదానంలో అడ్డంగా జారుతూ, టైర్లు మాడ్చి పొగ లేపే కార్లు. నిన్న రాత్రి భోజనాల దగ్గర ఈ సంగతి చెప్తే ఒక చెల్లెలు, "అదేంటక్కా, పెట్రోలు తగలేసే మగపిల్లల ఆటతో మనకేం పని?" అని నిలదీసింది. ఆమె అడిగిన దాంట్లో న్యాయం ఉంది. ఆ ప్రశ్న మనసులో పెట్టుకునే ఈ నాలుగు మాటలూ సిద్ధం చేసుకున్నాను.

ముందు ఆ ఆట ఏమిటో చెప్పాలి. మలుపులో కారు వెనక చక్రాలు పట్టు తప్పితే మనకి గుండె ఆగినంత పనవుతుంది. డ్రిఫ్టింగ్‌లో డ్రైవరు ఆ పట్టుని కావాలనే తప్పిస్తుంది. క్లచ్చిని ఒక్కసారి తన్ని వదిలి గానీ, హ్యాండ్‌బ్రేకు లాగి గానీ వెనక చక్రాలని జారనిస్తుంది. స్టీరింగుని మలుపుకి ఎదురు దిక్కుకి తిప్పి, కుడికాలితో వేగం పెంచుతూ తగ్గిస్తూ ఆ జారుడుని మలుపు చివరిదాకా నిలబెడుతుంది. 1970లలో జపాన్ రేసుల్లో కునిమిత్సు తకహాషి ఈ పద్ధతికి పేరు తెచ్చాడు. కొండదారుల్లో రాత్రిపూట కార్లు తోలే కుర్రవాళ్ళు దాన్ని అందుకున్నారు. వాళ్ళలోంచి వచ్చిన కెయిచి త్సుచియాని "డ్రిఫ్ట్ రాజు" అంటారు. 2000 తర్వాత జపాన్‌లో డి1 గ్రాండ్ ప్రి, 2004 నుంచి అమెరికాలో ఫార్ములా డ్రిఫ్ట్ పేర్లతో ఇది పద్ధతైన పోటీ అయింది. ఎవరు ముందొచ్చారన్నది ఇందులో లెక్క కాదు. కారు ఏ దారి పట్టింది, ఎంత కోణంలో అడ్డం తిరిగింది, ఎంత ఒడుపుగా నడిచింది అని న్యాయనిర్ణేతలు కళ్ళతో చూసి మార్కులు వేస్తారు. ఒక రకంగా నాట్య పోటీ లాంటిదే. పుట్టినప్పటి నుంచీ పదిమంది చూపుల్లో బతికే ఆడపిల్లని, ఒక్కసారి ఆమె ముఖం చూడకుండా ఆమె తిప్పిన కోణం చూసి బేరీజు వెయ్యడం నాకు ఆసక్తిగానే అనిపించింది.

టీవీలో మనకి కనిపించేది ఒక్క నిమిషం పొగ. డ్రిఫ్ట్ డ్రైవరు జీవితం ఆ నిమిషంలో లేదు. అది షెడ్డులో ఉంది. వీళ్ళు "ప్రాజెక్ట్ కారు" అంటారు. ఏ నిస్సాన్ సిల్వియానో, పాత టయోటా ఏఈ86 కరోలానో సెకండ్ హ్యాండ్‌లో కొంటారు. ఇంజను బలం వెనక చక్రాలకి వెళ్ళే కార్లు కాబట్టి అవి కావాలి. లోపలి సీట్లూ, కార్పెట్టూ పీకేస్తారు. బోల్తా పడ్డా తల పగలకుండా ఇనప గొట్టాల చట్రం వెల్డింగ్ చేస్తారు. ముందు చక్రాలు మామూలు కన్నా ఎక్కువ తిరిగేలా స్టీరింగు భాగాలు మారుస్తారు. వెనక రెండు చక్రాలూ ఒక్కలాగే తిరిగేలా డిఫరెన్షియల్‌ని బిగిస్తారు. ఇదంతా అయ్యాక కారు పూర్తవుతుందా అంటే, అవదు. ప్రాక్టీసుకి తీసుకెళ్ళిన ప్రతిసారీ ఏదో ఒకటి విరుగుతుంది. వెనక టైర్లయితే కొద్ది చుట్లలోనే అరిగిపోతాయి. కాబట్టి ఎక్కడ పాత టైర్లు దొరుకుతాయా అని వెతకడం కూడా ఈ వృత్తిలో ఒక పెద్ద పని. చాలామందికి ఇది జీతం ఇచ్చే ఉద్యోగం కాదు. వారమంతా వేరే ఉద్యోగం చేసి, ఆ జీతం తెచ్చి ఇందులో పోస్తారు. మోటారు ప్రదర్శనల్లో, పార్కింగ్ మైదానాల్లో డెమోలకి పిలుస్తారు. కాసేపు పొగ లేపాలి, అడిగినవాళ్ళని పక్క సీట్లో కూర్చోబెట్టుకుని రెండు చుట్లు తిప్పాలి, స్పాన్సరు స్టిక్కరు జనానికి కనపడేలా కారు ఆపాలి. టైర్ల ఖర్చు వస్తే అదృష్టం.

ఈ జీవితానికి ఏమేం కావాలో చూడండి. విప్పిన కారుని నెలల తరబడి వదిలేయగల చోటు. తెల్లవారుజాము దాకా ఎవరూ లెక్క అడగని రాత్రులు. అర్ధరాత్రి ఫోను చేస్తే పానా పట్టుకుని వచ్చే స్నేహితులు. అన్నిటికన్నా ముఖ్యంగా, డబ్బు పెట్టి కొన్న వస్తువుని విరగ్గొట్టి "సరే, మళ్ళీ చూద్దాం" అనగలిగే స్వేచ్ఛ. వీటిలో ఏదీ స్త్రీకి ఉండకూడదని ఏ క్రీడా నిబంధనలోనూ లేదు. రాయాల్సిన అవసరమే రాలేదు. జపాన్ మోటారు పోటీల్లో స్త్రీలకి ఇంకో ఉద్యోగం ఏర్పాటు చేశారు. కంపెనీ పేరున్న దుస్తులు వేసుకుని, గొడుగు పట్టుకుని, కారు పక్కన నవ్వుతూ నిలబడే "రేస్ క్వీన్" ఉద్యోగం.

ఇది డబ్బున్నవాళ్ళ ఆట అన్నది సగమే నిజం. దక్షిణాఫ్రికాలో దీనికి దగ్గరి బంధువు ఒకటి ఉంది, "స్పిన్నింగ్" అంటారు. కారు మలుపులో జారదు, ఉన్నచోటే గిరగిరా తిరుగుతుంది. డ్రైవరు తలుపులోంచి బయటికొచ్చి వేలాడుతుంది కూడా. ఇది సొవెటోలో 1980లలో, వర్ణవివక్ష కాలంలో మొదలైంది. ఊళ్ళో పేరున్న నేరగాడు చనిపోతే, సహచరులు దొంగిలించిన కార్లు అతని అంత్యక్రియల దగ్గర తిప్పి నివాళి పట్టేవాళ్ళు. అప్పటి పాత బీఎండబ్ల్యూ 3 సిరీస్‌కి అక్కడివాళ్ళు "గుషేషే" అని ముద్దుపేరు పెట్టారు. తెల్లవాడి దర్జాకి గుర్తైన కారుని నల్లవాళ్ళ బస్తీలో టైర్లు పేలేదాకా తిప్పడంలో ఏ కసి ఉందో మీకు నేను విడమరిచి చెప్పక్కర్లేదు. 2014లో ఆ దేశపు మోటారు క్రీడా సంస్థ స్పిన్నింగ్‌ని క్రీడగా గుర్తించింది. ఈ ఆటలో పేరు తెచ్చుకున్న స్టేసీ-లీ మే, వర్ణవివక్ష ప్రభుత్వం "కలర్డ్" ప్రజలకని కేటాయించిన ఎల్డొరాడో పార్క్ నుంచి వచ్చింది. న్యాయశాస్త్రం చదువుకుంటూ కారు తిప్పింది. జనం "పొగ రాణి" అన్నారు.

ఆమెకి కారు తిప్పడం నేర్పింది తండ్రి. ఆ కుటుంబమంతా ఒక జట్టుగా ఆమె వెనక నిలబడింది. చాలా సంతోషం. కానీ నేను ఇక్కడ కొంచెం ఆగాను. నేను చదివిన, విన్న ఉదాహరణల్లో ఎన్నిట్లోనో షెడ్డు తాళం తండ్రిదో, అన్నదో, భర్తదో. మంచి తండ్రి దొరికిన అమ్మాయి డ్రైవరైంది. దొరకని అమ్మాయి పేరు మనకి తెలియదు. ఆస్తి హక్కు, చదువు విషయంలో "మా నాన్న చాలా మంచివాడండీ" అనే మాటతో మనం ఎప్పుడూ సరిపెట్టుకోలేదు కదా.

పాలస్తీనాలో సంగతి ఇంకోలా ఉంది. 2015లో ఆంబర్ ఫారెస్ తీసిన "స్పీడ్ సిస్టర్స్" డాక్యుమెంటరీ దొరికితే మీ సంస్థల్లో చూపించండి. వెస్ట్ బ్యాంక్‌లో కార్ల పోటీల్లో పాల్గొనే స్త్రీల జట్టు కథ అది. వాళ్ళలో ఒకరైన నూర్ దావూద్ తర్వాత డ్రిఫ్టింగ్‌లోకి వెళ్ళింది. వాళ్ళకి ప్రాక్టీసుకి దొరికిన ఖాళీ జాగా ఓఫర్ జైలు పక్కనే. అక్కడ ప్రాక్టీసు చేస్తుండగా ఇజ్రాయెల్ సైనికుడు పేల్చిన బాష్పవాయు గుండు బెట్టీ సాదే అనే డ్రైవరుకి తగిలి గాయమైంది. చెక్‌పోస్టు దాటితే గానీ పక్క ఊరికి పోలేని చోట, కారు వేగంగా నడపడానికి జాగా వెతుక్కోవడమే ఒక రాజకీయం. అక్కడ ఇంట్లో తండ్రి ఒప్పుకున్నా సరిపోదు.

సౌదీ అరేబియా గురించి క్లుప్తంగా చెప్తాను. అక్కడి నగర వీధుల్లో కుర్రవాళ్ళు దశాబ్దాలుగా కార్లు జారిస్తున్నారు, ప్రాణాలు పోగొట్టుకుంటున్నారు, తియ్యడమూ ఉంది. అవే వీధుల్లో స్త్రీ తన బిడ్డని ఆస్పత్రికి తీసుకెళ్ళడానికి కూడా కారు నడపడానికి 2018 దాకా వీలుండేది కాదు. 1990 నవంబరు 6న రియాద్‌లో 47 మంది స్త్రీలు కార్లు నడిపి నిరసన తెలిపితే, ఉద్యోగాల నుంచి తొలగించారు, పాస్‌పోర్టులు లాక్కున్నారు. 2018 జూన్ 24న నిషేధం ఎత్తేశారు. అంతకు నెల ముందే ఆ హక్కు అడిగిన స్త్రీలని అరెస్టు చేశారు. వాళ్ళలో లుజైన్ అల్-హత్లూల్ 2021 ఫిబ్రవరి దాకా జైల్లోనే ఉంది. ఆ నిషేధం అన్నేళ్ళు నడవడానికి మన వాళ్ళ చెమట కూడా ఖర్చయింది. కరీంనగర్, నిజామాబాద్, కడప జిల్లాల నుంచి వెళ్ళిన ఇంటి డ్రైవర్లు, రాత్రనక పగలనక ఆ ఆడవాళ్ళని తిప్పిన మగవాళ్ళు, మన గల్ఫ్ వలస కథలో భాగమే.

ఇక మన దగ్గరికి వస్తాను. ఇంజనీరింగ్ విద్యార్థులు తామే కారు తయారుచేసి నడిపే పోటీ ఒకటుంది, బాహా అంటారు. 2007 నుంచి మన దేశంలో జరుగుతోంది. మా అక్క కూతురు మెకానికల్ చదువుతూ తన కాలేజీ జట్టులో చేరింది. పాతికమందిలో ముగ్గురు అమ్మాయిలు. పగలు వర్క్‌షాపులో క్లాసులు జరుగుతాయి కాబట్టి కారు పని రాత్రి మొదలవుతుంది. అమ్మాయిల హాస్టలు గేటు ఏడింటికి మూస్తారు. అబ్బాయిల హాస్టలుకి గేటు ఉందో లేదో కూడా ఎవరికీ గుర్తులేదు. దాంతో అమ్మాయిలకి గదిలో కూర్చుని చేసే పనులు వచ్చాయి, ఖర్చుల నివేదిక, ప్రెజెంటేషను. "పిన్నీ, ఏ బేరింగు ఎంతో నన్ను నిద్రలో లేపి అడిగినా చెప్తాను. ఒక్కటి కూడా నా చేత్తో బిగించలేదు" అంది. పోటీ రోజున మాత్రం బ్యానరు పట్టుకుని ముందు వరసలో నిలబడమన్నారట. నాకు జపాన్ గొడుగులు గుర్తొచ్చాయి.

జట్టులో అబ్బాయిలు చెడ్డవాళ్ళు కారు. "వాళ్ళకి ఇంట్రెస్ట్ లేదండీ" అని నిజంగానే నమ్ముతున్నారు. ఏడింటికి తాళం పడే మనిషికి, ఏడింటికి మొదలయ్యే పని మీద ఆసక్తి ఎలా కనపడుతుంది? హాస్టలు వేళల మీద 2015లో ఢిల్లీ విద్యార్థినులు "పింజ్రా తోడ్" పేరుతో చేసిన ఆందోళనని మనం లైబ్రరీ గంటల గొడవగానే చూశాం. వర్క్‌షాపు గంటల గొడవ కూడా అదే.

మన మీద కూడా నాకు ఒక ఫిర్యాదు ఉంది. మన సంస్థల్లో ఎన్నో స్త్రీలకి ఆటో, క్యాబ్ నడపడం నేర్పాయి. గొప్ప పని. కానీ నేర్పేటప్పుడు మనం అడిగేది ఒక్కటే, ఆదాయం ఎంత పెరిగింది? 2011లో వచ్చిన "వై లాయిటర్" పుస్తకంలో ముంబై పరిశోధకులు ముగ్గురు, పని లేకుండా వీధిలో తిరగగలగడం స్త్రీల హక్కు అన్నారు. మనం పుస్తకాన్ని మెచ్చుకున్నాం. మన దరఖాస్తు ఫారాల్లో మాత్రం "ఉద్దేశం" అనే గడి అలాగే ఉంది. డ్రిఫ్టింగ్‌లో స్త్రీ ఎక్కడికీ పోదు, ఎవర్నీ దించదు, రూపాయి సంపాదించదు, పైగా టైర్లు అరగ్గొడుతుంది. అందుకే ఆ కారు మనకి ఇబ్బందిగా ఉంది. పొగ, పెట్రోలు, ప్రమాదం గురించి మీరు చెప్పేవి అబద్ధాలు కావు. వీధుల్లో డ్రిఫ్ట్ చేసేవాళ్ళు మనుషుల్ని చంపుతున్నారు, దాన్ని నేను ఏ పేరుతోనూ సమర్థించను. అయితే దుబారా అనే మాట ఆడపిల్ల చేతికి స్టీరింగు వచ్చాకే మనకి గుర్తొస్తే, ఆ సంగతి మనం ఆలోచించుకోవాలి.

మధ్యాహ్నం బృంద చర్చలో నాకు మీ సాయం కావాలి. మీ మీ జిల్లాల్లో ఐటీఐలు, పాలిటెక్నిక్‌లు, ఇంజనీరింగ్ కాలేజీల్లో అమ్మాయిల హాస్టలు గేటు ఎన్నింటికి మూస్తున్నారు, వర్క్‌షాపు ఎన్నింటి దాకా తెరిచి ఉంటుంది, తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది, ఈ మూడూ కనుక్కుని రాసి పంపండి. ఆదివారం సాయంత్రం ఆ షెడ్డుల్లో ఎవరున్నారో వెళ్ళి చూసి రాగలిగితే ఇంకా మంచిది.