ఒక్క ఆటగాని వెల

(తల్లిదండ్రుల సమావేశమున ప్రధానోపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠము)



బడిపంతులు ఆటగాండ్ర జీతములను గూర్చి ప్రసంగించుట మీలో కొందరికి వింతగా తోచవచ్చును. కాని ఈ విషయమును సభకు తెచ్చినది నేను కాదు, మీరే. మన సంఘము ఆటల కొరకు కూర్చిన నిధి యావత్తును మన కబడ్డీ జట్టులోని ఒక్క బాలుని శిక్షణకే వినియోగించి, అతనిని దూరప్రాంతమునకు పంపవలెనని కొందరు సభ్యులు కోరినారు. కూడదని మరికొందరు అనుచున్నారు. బాలుడు దిట్ట, అందు సందేహము లేదు. అయితే ఇట్టి ప్రశ్నయే ఏటేట కోట్ల రూపాయల వేలము పాడు పెద్దలకును ఎదురగుచున్నది. వారు దానిని ఎట్లు తేల్చుకొనిరో, వారికేమి ఫలించినదో ముందుగా చూతము.

మనము చిన్ననాట చెడుగుడు అని ఆడిన ఆటకు 2014లో ప్రో కబడ్డీ లీగు పేరిట పెద్ద పోటీ ఏర్పడినది. ఆ మొదటి యేడే విశాఖపట్టణము కేంద్రముగా తెలుగు టైటన్స్ అను జట్టు వెలసినది. బరంపురమునకు విశాఖ పరాయి ఊరు కాదు గనుక మన పిల్లలకు అది సొంత జట్టు. అది ఓడిన మరునాడు మొదటి గంటలో పాఠము చెప్పుట ఎంత కష్టమో మా ఉపాధ్యాయుల నడిగిన చెప్పుదురు.

పాత ఒప్పందము తీరి, జట్టు వదలిపెట్టిన ఆటగాడు వేలములో నిలుచును. ఎవరు ఎక్కువ పాడిన వారివాడు. కాని ఒక కట్టుబాటు కలదు. 2023 వేలములో ఏ జట్టును ఆటగాండ్రపై 5 కోట్ల రూపాయలకు మించి వెచ్చింపరాదు. అట్టిపెట్టుకొన్న పాతవారి జీతములును అందులోనివే. ఆ 5 కోట్లలో 2 కోట్ల 60 లక్షల 50 వేలు పెట్టి టైటన్స్ వారు పవన్ సెహ్రావత్ అను ఒక్క ఆటగానిని కొనిరి. నాటికి ఆ లీగులో అంత వెల పలికినవాడు మరియొకడు లేడు. అనగా సగమునకు పైగా ఒక్కని పాలు. మిగిలిన జట్టంతయు రెండు కోట్ల నలుబది లక్షలకు లోబడి సమకూడవలెను.

పవన్ అసమర్థుడా? ఎంతమాత్రము కాదు. ఆ వేలమునకు రెండు మూడు దినముల ముందే, 2023 అక్టోబరు 7న, చైనాలోని హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో ఇరానును ఓడించి బంగారు పతకము గెలిచిన భారత జట్టుకు నాయకుడు అతడే. టైటన్స్ పక్షమున కూడ ఆ యేడు రెండు వందలకు పైగా పాయింట్లు తెచ్చినాడు. అయినను టైటన్స్ 22 పందెములలో రెండు మాత్రమే గెలిచి, 12 జట్లలో కట్టకడపట నిలిచిరి.

కారణము ఆట కట్టడిలోనే ఉన్నదని నా తలంపు. కూతకు పోయినవాడు పట్టుబడిన చచ్చినట్లే గదా! అతడు గీత వెలుపల కూర్చుండవలెను. తనవారు ఎదుటి జట్టులో ఒకనిని చంపినప్పుడే ఇచట ఒకడు బ్రతికి లోనికి వచ్చును. కావున ఎంతటి మేటి కూతగాడైనను, వెనుకనున్న ఆరుగురు పట్టు తెలిసినవారు కానిచో, ఆటలో పెద్ద భాగము బల్లమీద గడుపును. రెండున్నర కోట్ల వెల యుండి యేమి, అతనిని బ్రతికించి లోనికి తెచ్చువాడు లేనప్పుడు! ఆ తెచ్చువారిని కొనవలసిన ధనమే అతని వెలలో చేరిపోయినది.

దీనికి ముందటి యేటి కథ ఇంకను చిత్రము. 2022లో ఇదే పవన్‌ను తమిళ్ తలైవాస్ వారు సుమారు 2 కోట్ల 26 లక్షలకు కొనిరి. మొదటి పందెములోనే మోకాలు దెబ్బతిని అతడు ఆ యేడంతయు ఆటకు దూరమయ్యెను. ఇక ఆ జట్టు మునిగినదనియే అందరును అనుకొనిరి. కాని నరేందర్ అను కొత్త కుర్రవాడు కూత బాధ్యత నెత్తికెత్తుకొనెను. తలైవాస్ వారు తమ చరిత్రలో మొదటిసారి సెమీఫైనలు చేరిరి. మోకాలికి వెల తెలియదు. పిల్లలను మట్టి నేలపై ఆడించు మనము దీనిని మరింతగా గుర్తుంచుకొనవలెను.

అట్లని ఎక్కువ వెల పెట్టుటయే తప్పనరాదు. టైటన్స్ పవన్‌ను కొన్న ఆ 2023 వేలములోనే పుణేరి పల్టన్ వారు ఇరాను దేశీయుడగు మహమ్మద్ రెజా షాద్లూయిని 2 కోట్ల 35 లక్షలకు కొనిరి. అతడు కూతకంటె పట్టునకు పేరుపొందినవాడు. 2024 మార్చి 1న హైదరాబాదులో జరిగిన ఫైనలులో గెలిచినది ఆ పుణేరి వారే. ఈ రెండు కొనుగోళ్ళకు భేద మేమి? పుణేరి వారు అంతకు ముందు యేడే ఫైనలు దాక వచ్చినవారు. అస్లామ్ ఇనామ్‌దార్, మోహిత్ గోయత్ వంటి కుర్రవాండ్రను పేరు రాకమునుపే తీసుకొని పెంచుకొన్నారు. ఇల్లు కట్టుకొని, తలుపు లేదని చూచి, మంచి తలుపు కొనిరి. టైటన్స్ వారు తలుపు ముందు కొని, గోడల కొరకు వెదకిరి.

కొత్త పతకపు మెరుపులో పాడిన పాట తరచు హెచ్చుగానే యుండును. 2025 వేలములో పవన్ వెల 59 లక్షల 50 వేలు. రెండేండ్లు నిండకమునుపే నాలుగవ వంతుకంటె తక్కువకు దిగినది. ఆ వేలములో టైటన్స్ వారు కోటి దాటి ఎవ్వరికిని పాడలేదు. విజయ్ మాలిక్‌ను 51 లక్షల 50 వేలకు నిలుపుకొని నాయకుని చేసిరి. ఆ యేడు ఫైనలునకు ఒక్క మెట్టు క్రింద పుణేరి వారి చేత ఓడిరి. కట్టకడపటి స్థానముతో పోల్చి చూడుడు.

ఇది కబడ్డీకే చెల్లునది కాదు. అమెరికావారి బేస్‌బాల్ ఆటలో ఓక్‌లాండ్ జట్టునుండి జేసన్ జియాంబీ అను మేటి బ్యాటరును 2001 చివర న్యూయార్క్ యాంకీస్ వారు ఏడేండ్లకు 12 కోట్ల డాలర్లిచ్చి తీసికొనిపోయిరి. అంత ధనము లేని ఓక్‌లాండ్ వారు, ఇతరులు లెక్కచేయనివారిని, నిదానముగా నిలిచి ఎట్లో మొదటి మజిలీ చేరగలవారిని ఏరి తెచ్చుకొనిరి. జియాంబీ ఉన్న యేడు వారి గెలుపులు 102, లేని యేడు 103. కడపటి పోటీలలో మాత్రము మొదటి చోటనే వెనుదిరిగిరి, అదియు చెప్పవలెను.

ఇక మన నిధి మాట. కోట్ల వెల విని మనస్సు చలించుట సహజము. కాని ఆ వెల శాశ్వతము కాదు; జట్టు వదలిపెట్టిన మరల వేలమే. ఈ లీగు లేని కాలమున కబడ్డీ ఆటగానికి రైల్వేలోనో సైన్యములోనో కొలువు దొరకుట పెద్ద సంగతి. పవన్ కూడ రైల్వే జట్టుకు ఆడినవాడే. ఆ కొలువులకు నేటికిని చదువు అడుగుదురు. తొమ్మిదవ తరగతి బాలుని బడి మాన్పించి పంపుటకు నా సమ్మతి లేదు.

వేసవి సెలవులలో శిక్షణకు పంపుదము. దారి ఖర్చు, భోజన ఖర్చు, బూట్లు నిధినుండి ఇత్తము. మిగిలిన దానితో మన ఆటస్థలమున రాళ్ళేరించి మెత్తని మట్టి పోయించి, ఏడుగురికిని మోకాలి తొడుగులు కొని, పట్టు నేర్పగల శిక్షకుని వారమునకు రెండు దినములైనను రప్పింతము. ఆ బాలుడు పట్టుబడి వెలుపల కూర్చున్నప్పుడు అతనిని లోనికి తేవలసినవారు వీరే గదా! గత పోటీలో అతడు ఎంతసేపు వెలుపల కూర్చుండెనో చూచినవారు ఈ సభలో ఉన్నారు.

దీనికి ఒప్పుకొననివారు ఒప్పుకొననవసరము లేదు. ఒక్కని వెనుక అంతయు పెట్టినప్పుడే మన వంటి చిన్న సంఘమునకు పేరు వచ్చునని వాదించువారి మాటలోను కొంత బలము కలదు. పదిమందికి పంచిన, ఎవనికిని చాలకపోవచ్చును. ఆ బాలుని తండ్రిగారు వెనుక వరుసలో ఉన్నారు. ఇంతవరకు ఆయన నోరు విప్పలేదు. ఓటు తీసుకొనుటకు ముందు ఆయనను మాటాడుమని అధ్యక్షులవారు కోరవలెనని నా మనవి.