పక్షములేని అభ్యర్థి



ఈ మహాసభయందు "పురపాలనమున మన కులము" అను విషయమును గూర్చి ప్రసంగింపుమని కార్యదర్శిగారు మమ్ము ఆజ్ఞాపించిరి. ఆ శీర్షికక్రింద ఎవరేమి చెప్పుదురో సభ్యు లెఱుగనిది కాదు. మన యోటు లెన్ని, మనకు దక్కిన స్థానము లెన్ని, దక్కవలసిన వెన్ని యను లెక్కలు గడచిన సంవత్సరముల సంచికలలో సమృద్ధిగా నున్నవి. మేము మఱియొక లెక్కను గూర్చి చెప్పదలచితిమి. అందులకై సభవారిని కొంతసేపు ఇంగ్లండు దేశమందలి లివర్పూలు నగరమునకు తోడ్కొనిపోయి, పిమ్మట మన యూరికే తీసికొనివత్తుము.

ముందుగా ఒక మాట. ఎన్నికలలో నిలుచువానిని మనము అభ్యర్థి యందుము. వ్యుత్పత్తిని బట్టి చూచిన అర్థించువాడు, అనగా యాచకుడు. ఏ రాజకీయపక్షమునకును చెందక నిలుచువానిని చూచి, పక్షమనగా ఱెక్కయు నగును గనుక, ఱెక్కలులేని పక్షి యెట్లెగురునని పరిహసించువారు కలరు. మేమును ఒకప్పు డట్లు పరిహసించితిమి. ఆ సంగతి తరువాత విన్నవింతుము.

లివర్పూలు గొప్ప రేవుపట్టణము. నూఱేండ్లకు పూర్వము అక్కడి రేవుకూలీలలో పెక్కండ్రకు స్థిరమైన పని లేదు. కూలీలు రేవుకడ గుంపుగా నిలువబడగా మేస్త్రీ వచ్చి తనకు వలసినవారిని ఏఱుకొనిపోవును. తక్కినవారు వట్టిచేతులతో ఇండ్లకు మరలుదురు. తెల్లవాఱుజామున మన పట్టణపు అడ్డాలమీద పారలు, తట్టలు పట్టుకొని నిలుచు కూలీలను చూచినవారికి దీనిని వర్ణింప నక్కఱలేదు.

ఎలియనార్ రాత్బోన్ అను నామె 1872 సంవత్సరమున జన్మించెను. ఆమె తండ్రి విలియం రాత్బోన్ లివర్పూలు వర్తకుడు, పార్లమెంటు సభ్యుడు. తన భార్య యవసానకాలమున పరిచర్య చేసిన నర్సును 1859లో ఆ నగరపు పేదలయిండ్లకు పంపి, ఇంటింటి వైద్యపరిచర్యకు మార్గము చూపినవాడాయన. కావున ఆమెను బయటివారనుట పూర్తిగా ఒప్పదు. ధనము కలదు, తండ్రిపేరు కలదు. లేనిది పక్షము. ఆక్సుఫర్డునందు గ్రీకు లాటినులను, తత్త్వశాస్త్రమును చదివి 1896లో ఇల్లు చేరినది. ఆ భాషలు చదివినవారికి రేవుకూలీలతో నేమి పనియని అక్కడను కొందఱడిగి యుందురు. సంస్కృతము చదివినవానికి సంఘములతో నేమి పనియని మమ్మును అడిగిన వారున్నారు.

ఆమె ఒక సహాయసంఘము పక్షమున పేదలయిండ్లకు పోవుచు, సహాయము కోరువారి స్థితిగతులను విచారింప మొదలిడెను. రేవుకూలీల పని విధమును శోధించి 1904లో ఒక నివేదికను ప్రకటించెను. పిమ్మట మఱికొందఱితో కూడి, నిలుకడలేని కూలిమీద బ్రదుకు కుటుంబములు వారమువారమును దేనికెంత వ్యయము చేయుచున్నవో ఇల్లాండ్రవలన తెలిసికొని వ్రాయించిరి. ఆ గ్రంథము 1909లో వెలువడినది. ఒకవారము నిండుకూలి, మఱుసటివారము ఏమియు లేదు. అద్దె మాత్రము వారమువారమును చెల్లింపవలయును. నడుమ కొఱత పడినప్పుడు దుప్పటియో ఆదివారపు దుస్తులో తాకట్టుదుకాణమునకు పోవును. కూలివాడు సోమరియనియు, త్రాగుబోతనియు తీర్పు చెప్పువారు ఏ దేశమందైనను కలరు. ఆ తీర్పునకు ముందు పద్దు చూడవలయునని ఈ యాడుబిడ్డకు తోచినది. సాధారణముగా మన పెద్దలకు, మమ్మును కలుపుకొనియే చెప్పుచున్నాము, తీర్పు ముందును పద్దు వెనుకను వచ్చును.

ఆ దేశమున స్త్రీలకు పార్లమెంటు ఎన్నికలలో ఓటు 1918 వఱకు లేదు. నగరసభలకు సభ్యులుగా నుండు హక్కు మాత్రము 1907 నాటి శాసనమువలన లభించినది. 1909 అక్టోబరులో లివర్పూలునందలి గ్రాన్బీ వార్డున ఒక స్థానము ఖాళీపడగా రాత్బోన్ స్వతంత్రురాలిగా నిలిచెను. ఆ సంవత్సరపు లివర్పూలు ఎట్టిదో తెలిసినగాని ఇందలి సాహసము తెలియదు. ప్రొటెస్టంటులకును కాథలికులకును ఆ నగరమున వైరము మెండు. పక్షములు సైతము చాలవఱకు ఆ వైరము ననుసరించియే చీలియుండెను. ఆ వేసవిలోనే మతపు ఊరేగింపుల విషయమై వీధులలో కొట్లాటలు జరిగినవి. ఎవరివారికి వారు ఓటువేయుటయే ధర్మమనుకొనెడి ఊరది. అట్టియూర ఎవరికిని చెందనియామె గెలిచి, ఆ నగరసభయందు మొదటి స్త్రీసభ్యురాలయ్యెను. 1935 వఱకు ఆ స్థానమున నుండెను. ఓటు వేడుటకై పేదవాని తలుపు ఆమె తట్టినది అదియే మొదటిసారి కాదు. అంతకుముందు పండ్రెండేండ్లుగా తట్టుచునే యున్నది.

నగరసభలో ఆమె పేదల గృహవసతిని గూర్చి వాదించెను. వితంతువులకు లభించు ధర్మసహాయము ఎంత యల్పమో 1913లో విచారణ చేసి చూపెను. మొదటి ప్రపంచయుద్ధమున, సైనికుల భార్యలకు ప్రభుత్వ మిచ్చు భృతి లివర్పూలునందు సక్రమముగా చేరునట్లు చూచు పనిలో పాల్గొనెను. అక్కడ ఆమె కనిన దొక్కటి: తల్లిచేతికి కొంత ధనము క్రమముగా వచ్చినచో బిడ్డల తిండి మాఱును. ఆ ఒక్క యెఱుకను పట్టుకొని 1924లో గ్రంథము వ్రాసెను. 1922లో పార్లమెంటునకు నిలిచి యోడెను; 1929లో విశ్వవిద్యాలయముల స్థానమునుండి స్వతంత్రురాలిగానే గెలిచెను. 1945లో కుటుంబభృతి శాసనమైనది. మొదటి బిడ్డను మినహాయించి ప్రతిబిడ్డకును వారమునకు 5 షిల్లింగులు. ఆ సొమ్ము తండ్రికిత్తుమని ప్రభుత్వమువారు వ్రాసికొనిరాగా, తల్లికే యీయవలయునని పట్టుపట్టి సాధించెను. 1946 జనవరిలో మరణించెను. సొమ్ము తల్లులచేతికి వచ్చుట ఆ ఆగస్టున మొదలైనది.

ఆమెను దేవతను చేయుట మా యుద్దేశము కాదు. మన దేశపు స్త్రీల దురవస్థను గూర్చి ఒక అమెరికా వనిత వ్రాసిన పుస్తకమును చదివి, 1929లో లండనున సభ కూర్చెను. అప్పటికి ఆమె మన దేశమును చూచియుండలేదు. భారతీయస్త్రీల కార్యము భారతీయస్త్రీలే చూచుకొందురని ధన్వంతి రామారావుగారు ఆ సభలోనే నిలిచి ఆక్షేపించిరి. ఆక్షేపణ న్యాయమైనదే. 1932లో రాత్బోన్ ఇచటికి వచ్చినది. 1929 నాటి శారదాశాసనము కాగితముమీదనే యున్నదని 1934లో బాల్యవివాహములపై వ్రాసిన గ్రంథమున చూపినది; అదియు న్యాయమే. లివర్పూలున తిరిగి మాటాడినామె, మన విషయమున ముందు మాటాడి పిమ్మట తిరిగినది. భేదమంతయు అందే కలదు.

ఇక మన యూరికి వత్తము. ఇరువదియేండ్లకు పూర్వము మా వార్డున పురపాలకసంఘపు ఎన్నిక వచ్చినది. కాలువగట్టు క్రింది పేటలో ఉద్యోగవిరమణ చేసిన నర్సమ్మగారొకరు కాపురముండెడివారు. మన కులమువారు కారు. ఆమె కులమువారు ఆ పేటలో పది యిండ్లైనను లేరు. ప్రతిసాయంకాలమును ఇల్లిల్లు తిరిగి, ఏ యింట బాలింత యున్నది, ఏ బిడ్డకు టీకా పడలేదు, ఏ వీధికొళాయికి ఎన్నాళ్ల కొకసారి నీరు వచ్చుచున్నది యను సంగతులు రూళ్లపుస్తకమున వ్రాసికొనెడివారు. ఏ పార్టీయు బీ-ఫారము ఈయకున్నను నామినేషను వేసిరి. ఒకరాత్రి ఆ పుస్తకముతో మా యింటికి వచ్చి, "మాస్టారూ, ఇందులో ఉన్నదే కరపత్రంగా వేయిద్దామనుకుంటున్నాను. నా తెలుగు బాగుండదు. కాస్త దిద్దిపెడతారా?" అనిరి. ఓటడుగలేదు. మేము పుస్తకమును తెఱవనైన తెఱవక, "మావారొకరు నిలబడ్డారమ్మా, తప్పదు" అని తిరిగి యిచ్చితిమి. "అవునండీ, మీకూ ఇబ్బందే" అని లేచిరి.

అంతటితో ఊరకున్నను కొంత మేలు. మనవారి తరపున కరపత్రము వ్రాసినది మేమే. ఉద్యోగములో నుంటిమి గనుక పేరు వేసికొనలేదు. ఆమెకు కుట్టుమిషను గుర్తు వచ్చినది. ఆ మిషనును గూర్చియు, ఱెక్కలులేని పక్షిని గూర్చియు రెండు సీసపద్యములు కట్టితిమి. కుఱ్ఱవాండ్రు వానిని మైకులో చదువుచు ఆటోలపై తిరిగిరి. పద్యములు బాగున్నవని పెద్దలు మెచ్చిరి. బాగుగనే యుండెను, అదియే మాకిప్పుడు బాధ.

మనవారు గెలిచిరి. వారు చెడ్డవారు కారు. మన వసతిగృహపు ప్రహరీగోడ వారి కాలమున లేచినదే; ఆ ఋణము మఱవరాదు. కాని కాలువగట్టు క్రింది పేట వారికి తెలియదు. మఱుసటి వానకాలమున అక్కడ అతిసారము ప్రబలినప్పుడు, ఏ యింట నెందఱున్నారో, ఎవరే నీరు త్రాగుచున్నారో తెలుపగల పుస్తకము ఊరిలో ఒక్కటే యుండెను. వైద్యసిబ్బంది దానిని పట్టుకొని తిరిగిరి. ఆ పేటలో మన కులమువారి యిండ్లును నాలుగు గలవు. ఆ పుస్తకమును మేము మొదటిసారి చూచినది అప్పుడే. తెలుగు బాగుగనే యున్నది.

మనవారికి స్థానములు వలదని మేమనము. ఈ సంఘపు వసతిగృహమున అన్నము తిని చదివినవారము. కులమువారు చేయూతనీయనిచో మాకు అక్షరమే లేదు. చిన్నకులము చీలిపోయినచో ఏ పార్టీయు పిలిచి బీ-ఫారము ఈయదని పెద్దలు భయపడుటలోను నిజము కలదు. అయినను రేపు విషయనిర్ణయసంఘము ముందునకు రానున్న మూడవ తీర్మానమున, రాబోవు పురపాలక ఎన్నికలలో "మన కులమువారికే" ఓటు వేయవలయునని యున్నది. ఆ రెండు మాటలను తొలగించి, ఆ వార్డున నిలుచువారు, మనవారైనను పరులైనను, గడచిన మూడేండ్లలో అచట ఏమి చేసిరో విచారించి ఓటు వేయవలయునని చేర్పవలసినదిగా సవరణ వ్రాసి కార్యదర్శిగారికిచ్చితిమి. సవరణను బలపఱచువారొకరు లేనిచో చర్చకే రాదని నియమావళి. భోజనానంతరము మేము వసతిగృహపు వరండాలో నుందుము. సంతకము చేయదలచినవారు దయచేయవలయును.