చంద్రుడి మీద అర సెకను
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



చంద్రుడి ముందు నుంచి అంతరిక్ష కేంద్రం వెళ్తుండగా నేను తీసిన ఫొటో ఒకటి వరండాలో పెట్టారు. పొద్దుటి నుంచి దాన్ని చూసినవాళ్లంతా ఒకటే ప్రశ్న, "ఏం కెమెరారా అది, ఎంతయింది?" అని. కెమెరా పాతది, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. నిజానికి ఆ ఫొటోలో కెమెరా చేసిన పని తక్కువ. ఎక్కడ నిలబడాలి, ఏ క్షణానికి సిద్ధంగా ఉండాలి, అదే అసలు పని. నాకిచ్చిన పావుగంటా దాని గురించే చెబుతాను.

అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం భూమికి సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతోంది. ఈ కొస నుంచి ఆ కొసకు 109 మీటర్లు. 2000 నవంబరు నుంచి అందులో మనుషులు లేని రోజు లేదు. హైదరాబాద్ మూలాలున్న రాజాచారి 2021 నవంబరు నుంచి దాదాపు ఆరు నెలలు అక్కడే ఉన్నారు. 2025లో మన శుభాంశు శుక్లా వెళ్లొచ్చారు. సెకనుకు ఏడున్నర కిలోమీటర్ల పైచిలుకు వేగం, గంటన్నరకో చుట్టు. నడినెత్తిన వెళ్లేటప్పుడు చంద్రబింబాన్ని ఈ అంచు నుంచి ఆ అంచుకు దాటడానికి దానికి పట్టేది సుమారు అర సెకను. "అదిగో" అనేలోపు అయిపోతుంది.

పిల్లలూ, ఒక కన్ను మూసి, చేయి చాచి, బొటనవేలితో ఆ గోడగడియారాన్ని కప్పండి. ఇప్పుడు ఆ కన్ను తెరిచి రెండోది మూయండి. వేలు గడియారం మీద నుంచి పక్కకు జరిగింది కదా! వేలు కదల్లేదు. మీరు చూసే చోటు రెండున్నర అంగుళాలు మారిందంతే. అంతరిక్ష కేంద్రం ఆ వేలు, చంద్రుడు ఆ గడియారం. చంద్రుడు 3,84,000 కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు, కేంద్రం దానికి దాదాపు వెయ్యో వంతు దూరంలో ఉంది. అందుకే అది చంద్రుణ్ణి దాటడం నేల మీద ఒక సన్నని పట్టీలో ఉన్నవాళ్లకే కనిపిస్తుంది. నడినెత్తిన వెళ్తే ఆ పట్టీ వెడల్పు నాలుగు కిలోమీటర్లకు అటూ ఇటూ. పొడవు మాత్రం వందల కిలోమీటర్లు. పట్టీ మధ్యగీత మీద నిలబడితే కేంద్రం చంద్రుడి నడుమ నుంచి వెళ్తుంది, అంచున నిలబడితే బింబం చివర గీరి పోతుంది. అవతలికి వెళ్తే ఏమీ లేదు, మామూలు చంద్రుడే.

ఈ పట్టీ ఎక్కడ పడుతుందో లెక్కకట్టి చెప్పే ట్రాన్సిట్ ఫైండర్ లాంటి సాధనాలు ఇప్పుడు అందరికీ ఉచితంగా ఉన్నాయి. ఇంటి డాబా మీదికే రావాలని కూర్చుంటే ఏళ్లు పట్టచ్చు. ఓ యాభై కిలోమీటర్లు కదలడానికి సిద్ధపడితే అవకాశాలు బాగా పెరుగుతాయి. అయితే వారం ముందు చూసిన లెక్కను నమ్మకూడదు. అంత ఎత్తులోనూ పలచని గాలి ఉంటుంది, దాని రాపిడికి కేంద్రం కొంచెం కొంచెం కిందికి దిగుతుంటుంది. అప్పుడప్పుడూ ఇంజన్లు మండించి మళ్లీ పైకి నెడతారు. దాంతో పట్టీ జరుగుతుంది. అందుకే ముందురోజు, బయల్దేరే ముందు మరోసారి చూసుకోవాలి.

నా ఫొటో నాటి మధ్యగీత మన ఊరికి పద్నాలుగు కిలోమీటర్ల అవతల ఒక చెరువుగట్టు మీదుగా పోయింది. సాయంత్రం ఏడు దాటిన వేళ, అష్టమి చంద్రుడు. నేను గట్టు మీద ట్రైపాడ్ దించుతుంటే అక్కడ గేదెలు తోలుకెళ్తున్న పెద్దాయన ఆగి, "ఏంటి బాబూ, పెళ్లివాళ్లు ఇంకా రాలేదా?" అన్నాడు. సంగతి చెప్పాను. "అందులో మనుషులుంటారా? మరి పడిపోరూ?" అన్నాడు. "పడుతూనే ఉన్నారు తాతా. పడుతున్నకొద్దీ భూమి కింద వంగిపోతోంది, అందుకని నేల తగలడం లేదు" అన్నాను. పదో తరగతి ఫిజిక్సులో దీన్ని ఇంతకంటే పొడుగ్గా చెప్పారు. ఆయన మాత్రం నన్ను అనుమానంగానే చూసి, గేదెల్ని వదిలేసి పక్కనే కూర్చున్నాడు.

చంద్రుడి మీద వెలుగూ చీకటీ కలిసే చోట గోతుల అంచులు చురుగ్గా కనిపిస్తాయి. వాటి మీద చేత్తోనే ఫోకస్ చేసి, ఇక ముట్టుకోకూడదు. షట్టర్ స్పీడు 1/2000 సెకను పెట్టాను. ఎందుకంటే ఆ కాసింతలో కేంద్రం నాలుగు మీటర్లే కదులుతుంది. 109 మీటర్ల వస్తువుకు అది లెక్కలోకి రాదు. అదే 1/60 పెడితే తన పొడవు కంటే ఎక్కువ దూరం జరిగి, ఫొటోలో ఒక గీతలా చెరిగిపోతుంది. ఫోను గడియారం సెకను అటూ ఇటూ ఉండచ్చు, జీపీఎస్ సమయం చూసుకోవడం మంచిది. చెప్పిన సమయానికి సెకను ముందే బటన్ నొక్కి పట్టుకున్నాను.

పడమటి నుంచి చుక్కలా వస్తుంటే ముందు చూసింది పెద్దాయనే. దాటింది. చంద్రుడి చీకటి సగం మీద కూడా తెల్లగా మెరిసింది, పైన దాని మీద ఇంకా ఎండ పడుతోంది కనుక. అర్ధరాత్రి భూమి నీడలో ఉండగా దాటితే నల్లని బొమ్మలా కనిపిస్తుంది.

వరండాలోని ఫొటోలో కేంద్రం ఆరు చోట్ల కనిపిస్తుంది. ఆరు కేంద్రాలు లేవు, సెకనుకు పది చొప్పున తీసిన వాటిలో ఆరు ఫొటోలను ఒకదాని మీద ఒకటి పేర్చాను. ఇలా పేర్చినప్పుడు ఆ మాట కింద రాయాలని నా పట్టుదల. వాట్సాప్‌లో చంద్రుడిలో మూడో వంతున్న అంతరిక్ష కేంద్రం బొమ్మలు తిరుగుతుంటాయి. నమ్మకండి. ఎంత దగ్గరగా వచ్చినా బింబం వెడల్పులో ముప్ఫయ్యో వంతుకు మించదు. భాగహారం మీకు వచ్చు, చేసి చూసుకోండి.

ఫ్రాన్సుకు చెందిన తియెరీ లెగో ఈ విద్యలో ఘనాపాఠి. 2009 మేలో అట్లాంటిస్ షటిల్, హబుల్ టెలిస్కోపు కలిసి సూర్యుడి ముందు నుంచి వెళ్లడాన్ని ఫ్లోరిడా వెళ్లి మరీ పట్టుకున్నాడు. సూర్యుడి జోలికి వెళ్లాలంటే లెన్సు ముందు సరైన సోలార్ ఫిల్టర్ ఉండి తీరాలి. అది లేకుండా చూస్తే కళ్లు పోతాయి. పిల్లలు చంద్రుడితోనే మొదలుపెట్టండి.

ఇక నేను అసలు అడగదలుచుకున్నది. 2030 వరకు నడిపి, ఆ తర్వాత ఈ కేంద్రాన్ని పసిఫిక్ మహాసముద్రంలో పడేలా దించేయాలన్నది నాసా ప్రణాళిక. అంటే ఈ ముందు వరసలోని పిల్లలకు ఉన్నది కొద్ది కాలమే. మన సంఘం స్వర్ణోత్సవ కమానుకు చందాలు పోగుచేసింది. కమాను వద్దనను, నేనూ రాశాను చందా. కానీ ఆ నిధిలోంచే సైన్సు ల్యాబుకు ఒక మంచి టెలిస్కోపు, ఒక ట్రైపాడ్, ఒక పాత కెమెరా కొనిపించండి. కమాను ఒక అడుగు పొట్టిదైనా బస్సు పడుతుంది. పట్టీ ఎక్కడ పడుతుందో లెక్క పిల్లలు వేస్తారు, వాళ్లను తీసుకెళ్లే జీపు ఖర్చు మా బ్యాచ్‌ది.

ఇవాళ కూడా అష్టమే. నా టెలిస్కోపు గ్రౌండులో చింతచెట్టు పక్కన పెట్టించాను. భోజనాలకు ముందు ఒక్కొక్కరే వచ్చి చూడండి. మాస్టార్లకు వరస లేదు.