చార్టర్ బడి: పేరు అదే, అర్థం వేరు

చార్టర్ అనగానే పోటీ పరీక్షలకు చదివినవాళ్లకు 1813 నాటి ఈస్టిండియా కంపెనీ చార్టర్ చట్టం గుర్తొస్తుంది. చదువుకు ఏడాదికి లక్ష రూపాయలు కేటాయించింది అదే. అమెరికా చార్టర్ స్కూల్లోనూ ఆ మాటకు అర్థం అనుమతి పత్రమే. ఇన్నేళ్లలో ఇది చేసి చూపిస్తామనే ఒప్పందం.

మసాచుసెట్స్ ప్రొఫెసర్ రే బడ్డీ ఆ పత్రం టీచర్లకివ్వాలన్నాడు. ఉన్న బడిలోనే నలుగురు కలిసి కొత్త పద్ధతి ప్రయత్నించాలి. 1988లో ఆ మాటను దేశమంతా వినిపించినవాడు ఆల్బర్ట్ షాంకర్. సాక్షాత్తూ ఉపాధ్యాయ సంఘం నాయకుడే!

1991లో మిన్నెసోటా చట్టం చేసింది. మరుసటి ఏడాది సెయింట్ పాల్‌లో సిటీ అకాడమీ తెరిచారు, చదువు మధ్యలో మానేసిన పిల్లల కోసం. అప్పటికే చార్టర్ అంటే విడి బడి: డబ్బు సర్కారుది, నిర్వహణ సొంతం. కొద్దికాలానికే షాంకర్ ఎదురుతిరిగాడు.

తర్వాత ఒకే సంస్థ కింద బడుల గొలుసులు వచ్చాయి. దరఖాస్తులు సీట్లను మించితే లాటరీ. కొన్నిచోట్ల నంబర్ల బంతులు డబ్బాలో గిరగిరా తిరుగుతుంటే, తల్లులు చేతిలో చీటీతో ఊపిరి బిగబట్టి కూర్చునేవారు. ప్రజల డబ్బుతో నడిచే బడిలో సీటుకు అదృష్టం కలిసిరావాలా? నాకైతే మింగుడుపడదు.

2005లో కత్రినా తుఫాను ముంచేశాక, న్యూ ఆర్లియన్స్‌లో ప్రభుత్వ బడులు క్రమంగా దాదాపు అన్నీ చార్టర్లయ్యాయి. ప్రయోగంగా మొదలైనది ఊరి మామూలు బడి అయిపోయింది. 2024లో అక్కడి స్కూలు బోర్డు తానే నడిపే బడి ఒకటి తెరిస్తే, అదే వింతగా వార్తల్లోకెక్కింది.